స్నోర్కెల్ కొనేముందు ఫెండర్ లోపలికి తొంగి చూడండి

ముందు తీర్పు చెప్పేసి, తర్వాత వివరాల్లోకి వెళ్తాను. నా డీజిల్ ఫోర్ బై ఫోర్‌కి పెట్టించిన స్నోర్కెల్ బాడీ బాగుంది. గట్టిది, ఎండకి తెల్లబడలేదు, మూలమలుపుల్లో చూపుకి పెద్దగా అడ్డం రావడం లేదు. కానీ డబ్బాలో దానితోపాటు వచ్చిన రబ్బరు గొట్టం, క్లాంపులు, స్క్రూలు మాత్రం ఆ బాడీకి తగ్గవి కావు, అవన్నీ మార్చి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి వేరే పని చేయించాకే నాకు దాని మీద నమ్మకం కుదిరింది. బాడీకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, మిగతా సరుకుకి రెండు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తంతు చాలా కిట్లలో ఉన్నదే, పేరు తెలుసుకుని మీరు దాన్ని వదిలేసి ఇంకోటి కొన్నా ఏం చూడాలో తెలియకపోతే అదే చోట ఇరుక్కుంటారు.

స్నోర్కెల్ చేసే పని ఒక్కటే: ఇంజన్ గాలి పీల్చుకునే చోటుని పైకి తీసుకెళ్లడం. మామూలుగా ఆ నోరు హెడ్‌లైట్ వెనకో, గ్రిల్ పైనో, ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) లోపలో ఉంటుంది. స్నోర్కెల్ పెడితే అది విండ్‌షీల్డ్ పక్క పిల్లర్ వెంట పైకప్పు దాకా వెళ్తుంది. అంతే. మిగతా గొప్పలన్నీ ప్రకటనల వాళ్లు కలిపినవి.

ఈ చిన్న పనికి ఎందుకింత హడావుడి అంటే ఒక లెక్క చెప్తాను. 2.8 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ తీసుకోండి. ఒక్కో సిలిండర్ 700 సీసీ. కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్క, 16:1 అనుకుంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక పైన మిగిలే జాగా 47 సీసీలోపే. అంటే మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు పోస్తే ఆ జాగా నిండిపోతుంది. ఆపైన ఒక్క చుక్క ఎక్కువైనా పిస్టన్ పైకి రావడానికి చోటు లేదు, గాలి నలిగినట్టు నీళ్లు నలగవు కదా, వెనక నుంచి ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తోస్తూనే ఉంటుంది, చివరికి పిస్టన్‌ని కింద క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. పెట్రోల్ ఇంజన్‌కి కంప్రెషన్ తక్కువ కాబట్టి పైన కాస్త ఎక్కువ జాగా ఉంటుంది, కాబట్టి కొంచెం నయం, కానీ అదేమీ ధైర్యం చెప్పుకునేంత తేడా కాదు. రాడ్ కొద్దిగా వంగితే ఇంజన్ మళ్లీ స్టార్ట్ అవుతుంది కూడా, జనం బతికిపోయాం అనుకుంటారు, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత అదే రాడ్ విరిగి బ్లాక్ పక్కగోడని పగలగొట్టుకుని బయటికొస్తుంది.

సరే, ఇక్కడి దాకా అందరికీ తెలిసిందే. తెలియనిది, లేదా తెలిసినా పట్టించుకోనిది, ఇంకోటుంది. పైకప్పు దగ్గర గాలి లోపలికి వచ్చే తలకాయ నుంచి లోపలి ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాకా ఎన్ని జాయింట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. తలకాయ బాడీని కలిసే చోట ఒకటి, బాడీ ఫెండర్‌లోకి దూరే చోట ఒకటి, అక్కడి నుంచి రబ్బరు గొట్టం, గొట్టం రెండు కొసలా క్లాంపులు, తర్వాత డబ్బా, డబ్బా మూత, డబ్బా అడుగున నీళ్లు పోవడానికి కంపెనీ వాళ్లు పెట్టిన చిల్లు. నీళ్లు ఫెండర్ లోపల నిండినప్పుడు వీటిలో ఏ ఒక్కటి కారినా పైన ఎంత ఎత్తు గొట్టం ఉన్నా లాభం లేదు. ఇంజన్ ఊరికే తడుస్తూ కూర్చోదు, గట్టిగా పీలుస్తుంది. అదే 2.8 లీటర్ల ఇంజన్ 3500 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) దగ్గర టర్బో లేకుండానే నిమిషానికి దాదాపు 4900 లీటర్ల గాలి లాగుతుంది, గాలిని నొక్కి లోపలికి తోసే టర్బో ఒక బార్ బూస్ట్ (దాదాపు వాతావరణ పీడనమంత అదనపు ఒత్తిడి) ఇస్తే దగ్గరదగ్గర రెట్టింపు. ఆ పీల్పుకి సన్నటి సందు చాలు.

అందుకే నేను చెప్పేది, స్నోర్కెల్ కొంటున్నాం అనుకోకుండా పై నుంచి ఫిల్టర్ దాకా గాలి చొరబడని దారి ఒకటి కొంటున్నాం అనుకోండి. అప్పుడు షాపులో అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

ఇప్పుడు లోతు సంగతి, ఎందుకంటే స్నోర్కెల్ పెట్టగానే బండి పడవ అయిపోయిందనుకునే వాళ్లు చాలామంది. టయోటా హైలక్స్‌కి కంపెనీ చెప్పే నీటి లోతు 700 మి.మీ., ఫోర్డ్ రేంజర్‌కి 800, జీప్ రాంగ్లర్ జేఎల్‌కి 762, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండర్‌కి 900. ఇవేవీ స్నోర్కెల్ పెట్టి చెప్పిన అంకెలు కావు. ఇంకోవైపు ఫ్యాక్టరీ నుంచే స్నోర్కెల్‌తో వచ్చే ఫోర్స్ గుర్ఖా ఉంది, దాని గొట్టం పైకప్పు దాకా వెళ్తుంది, అయినా కంపెనీ చెప్పేది 700 మాత్రమే. ఎందుకు? గాలి పీల్చే ఎత్తు ఒక్కటే లోతుని నిర్ణయించదు కాబట్టి. ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, వైరింగ్ కనెక్టర్లు, రేడియేటర్ ఫ్యాను, తలుపుల రబ్బర్లు, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య ఉండే గేర్ల గుండు), గేర్‌బాక్స్, వీటన్నిటికీ తలో హద్దు ఉంది. స్నోర్కెల్ వీటిలో ఒక్కదానికే జవాబు. అది పెట్టాక కూడా నా బండికి మాన్యువల్‌లో రాసిన అంకె దాటి నేను దింపను. మరి పెట్టించడం ఎందుకు అంటారా? ఆ అంకె నిలకడగా ఉన్న నీళ్లకి, చదునైన అడుగుకి. నీళ్ల కింద గుంట కనిపించదు, ముందు చక్రం దిగబడగానే బానెట్ ముక్కు మునుగుతుంది, అప్పుడు ఆ క్షణం గట్టెక్కించేది స్నోర్కెలే.

పారే నీళ్ల విషయం ఒక్క ముక్కలో: వేగంగా పారే నీళ్లు 30 సెం.మీ. ఉంటే చిన్న కారుని, 60 సెం.మీ. ఉంటే చాలా బండ్లని తేల్చి పక్కకి నెట్టేస్తాయి. స్నోర్కెల్ బరువు పెంచదు.

ఎంపికకి వద్దాం. మొదట చూడాల్సింది అది నిజంగా స్నోర్కెలా, అలంకారమా అని. నవ్వకండి, బండి రేకుకి అతికించి లోపల ఎక్కడికీ కలపని గొట్టాలు బోలెడు అమ్ముతున్నారు, పైన పటారం లోన లొటారం అంటే ఇదే. ఇంకొన్ని కలుస్తాయి గానీ ఫెండర్ లోపల ఒక వదులు గొట్టం ఫిల్టర్ డబ్బా మూతికి దగ్గరగా వచ్చి ఆగిపోతుంది, క్లాంప్ వేసే అంచే ఉండదు. కిట్ పెట్టె విప్పగానే గొట్టం రెండు కొసలూ, అవి దేన్ని పట్టుకుంటాయో చూపించమనండి. చూపించలేకపోతే అక్కడికి ఆపేయండి.

ప్లాస్టిక్ సంగతి. మంచి పేరున్న తయారీదార్లు ఎక్కువగా పాలిథిలీన్ వాడతారు, సఫారీ అనే స్నోర్కెల్ కంపెనీ వాళ్లదైతే ఎండకి తట్టుకునేలా చేసిన క్రాస్‌లింక్డ్ పాలిథిలీన్. పక్కన కొమ్మ రాసుకుంటే గీత పడుతుంది, వంగుతుంది, పగలదు. తక్కువ రకం ఏబీఎస్ ప్లాస్టిక్‌వి మొదట చూడ్డానికి ఇంకా నున్నగా, మెరుస్తూ ఉంటాయి, అంచులు పదునుగా వస్తాయి, ఫొటోలో బాగా పడతాయి, ఎండలో ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి స్క్రూ చిల్లుల దగ్గర చీలికలు వస్తాయి. ఆ సన్నటి చీలిక కంటికి ఆనదు, నీళ్లకి ఆనుతుంది. స్టీల్ గొట్టాలు కూడా ఉన్నాయి, స్టెయిన్‌లెస్‌తో వెల్డింగ్ చేసినవి, బండికి తగ్గట్టు చేతితో చేస్తారు. అందంగా ఉంటాయి, బరువెక్కువ, చెట్టుకి తగిలితే అవి వంగకుండా పిల్లర్‌ని లాగుతాయి. నాకు ప్లాస్టిక్కే నయమనిపించింది.

చేత్తో పట్టుకుని చూసే అవకాశం ఉంటే వెనక్కి తిప్పండి. బాడీ వెనక ఇన్సర్ట్‌లు, అంటే ప్లాస్టిక్‌లో పొదిగిన మరలున్న ఇత్తడి గుళ్లు, ఉంటాయి, వాటిలోకే స్టడ్‌లు (తల లేని బోల్టులు) బిగిస్తారు, మొత్తం గొట్టం ఫెండర్‌ని పట్టుకుని ఉండేది వాటి మీదే. ప్రతి దాంట్లో స్టడ్ వేలితో తిప్పి చూడండి. నిటారుగా దిగాలి. వంకరగా దిగితే ఫెండర్ చిల్లుకి అది సరిపోదు, తీరా బిగించేటప్పుడు చిల్లు పెద్దది చేస్తారు, అక్కడి నుంచి తుప్పు మొదలు. నేను చూసిన ఒక చవక కిట్‌లో ఇన్సర్ట్ స్టడ్‌తోపాటే గిర్రున తిరిగింది. ఇంకోటి, గొట్టం లోపల వేలు పెట్టి చూడండి, పోత అంచులు, ప్లాస్టిక్ తుంపులు మిగిలి ఉంటాయి, ఆ తుంపు ఊడితే వెళ్లేది ఫిల్టర్ దగ్గరికే. లోపలి వ్యాసం బండికి కంపెనీ ఇచ్చిన గాలి గొట్టం కంటే ఎక్కడా సన్నగా ఉండకూడదు, ముఖ్యంగా ఫెండర్‌లోకి వంగే మలుపు దగ్గర. చాలా గొట్టాలు పైన వెడల్పుగా ఉండి ఆ మలుపు దగ్గర నొక్కేసినట్టుంటాయి. టర్బో బండికి అదే గొంతు నొక్కడం.

తలకాయ రెండు రకాలు. ఒకటి ముందుకి నోరు తెరుచుకునే ర్యామ్ హెడ్. ఇంకోటి గాలిని గిర్రున తిప్పి దుమ్ముని బయటికి విసిరే ప్రీ క్లీనర్, డొనాల్డ్‌సన్ టాప్‌స్పిన్ లాంటివి. వానకి ర్యామ్ హెడ్‌లోకి నీళ్లు పోవా అని అందరూ అడుగుతారు. మంచి హెడ్‌లో వెనకవైపు సన్నటి చీలికలు ఉంటాయి, వచ్చిన చినుకులు గోడకి కొట్టుకుని ఆ చీలికల్లోంచి బయటికి జారిపోతాయి. పూర్తిగా ఆగవు, కొంచెం తేమ కిందికి వెళ్తుంది, దాని గురించి డబ్బా దగ్గర మాట్లాడతాను. చీలికలు లేని హెడ్ అయితే వాన మీదికి దూసుకెళ్తున్నప్పుడు గరాటా పెట్టినట్టే. దుమ్ము ఎక్కువ ఉండే దారుల్లో, ముందు బండి వెనకాలే వెళ్లేటప్పుడు హెడ్‌ని వెనక్కి తిప్పుకోవచ్చు, అందుకు క్లాంప్ వదులు చేస్తే చాలు. ప్రీ క్లీనర్ దుమ్ముకి బాగా పనిచేస్తుంది గానీ ఇంజన్ లాగే గాలికి తగిన సైజుదే పెట్టాలి, చిన్నది పెడితే ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో ఊపిరి ఆడదు. నేను ర్యామ్ హెడ్‌తోనే ఉన్నాను.

దుమ్ము గురించి నిజం చెప్పాలంటే నాకు రోజూ కనిపించే లాభం ఇదే. నీళ్లలోకి దిగేది ఎప్పుడో ఒకసారి, మట్టి రోడ్డు ఎక్కేది తరచూ. చక్రాలు లేపే దుమ్ము కింద చిక్కగా, పైకి వెళ్లేకొద్దీ పల్చగా ఉంటుంది. సర్వీస్‌లో తీసిన ఫిల్టర్ మడతల్లో ముందులా పిండి దట్టించినట్టు లేదు, లేత బూడిద రంగులో ఉంది, తట్టితే రాలేది కూడా తక్కువే.

పవర్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది అంటారు, వినేసి ఊరుకోండి. గంటకి 100 కి.మీ. వేగంలో ఎదురుగాలి తోపు వల్ల కలిసొచ్చే ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతం కూడా ఉండదు. చల్లటి గాలి వాదన కొంత నిజమే, బానెట్ కింద వేడి గాలి పీల్చే బండ్లకి, కానీ చాలా ఫోర్ బై ఫోర్‌లలో కంపెనీ ఇచ్చిన నోరే ఫెండర్‌లో, బయటి గాలికి దగ్గరగా ఉంటుంది. నాకైతే తొక్కుడులో తేడా ఏమీ తెలియలేదు. తెలిసింది శబ్దం. కిటికీ దించి యాక్సిలరేటర్ నొక్కితే టర్బో ఈల చెవి పక్కనే వినిపిస్తుంది, కొందరికి అది సంగీతం, పక్క సీట్లో కూర్చునే వాళ్లకి కాదు.

ఇక బిగింపు. ఇది నేను పక్కనే నిలబడి చేయించుకున్నాను, మీరు కూడా నిలబడండి. ఫెండర్‌కి చిల్లు కొట్టాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

కిట్‌తో చిల్లులు ఎక్కడ కొట్టాలో చూపే కాగితం టెంప్లేట్ వస్తుంది. దాన్ని ఫెండర్ మీద అతికించే ముందు టెంప్లేట్ మీద ముద్రించిన కొలత గీతని స్కేలుతో కొలవండి, జిరాక్స్ తీసిన టెంప్లేట్ అయితే సైజు మారిపోయి ఉండొచ్చు. నా కిట్‌లో టెంప్లేట్ అసలే మడతలు పడి నలిగిపోయి వచ్చింది, ఫిట్టర్ దాన్ని చేత్తో సాపు చేసి అతికించేయబోతే ఆపి, స్టడ్‌లు బిగించిన బాడీనే ఫెండర్‌కి ఆనించి స్టడ్ మొనలకి రంగు పూసి గుర్తులు తీయమన్నాను. కాగితం మీద చుక్కకీ ఆ గుర్తుకీ ఒక చోట బాగానే తేడా వచ్చింది. ఈ ఒక్క పనికి పట్టేది పావుగంట.

మాస్కింగ్ టేప్ రెండు పొరలు, సెంటర్ పంచ్‌తో గుంట, సన్నటి బిట్‌తో ముందు చిల్లు, తర్వాతే హోల్ సా (గుండ్రటి రంపం). మంచి ఫిట్టర్ హోల్ సాని మొదట ఉల్టా తిప్పి పెయింట్ పొరని గుండ్రంగా కోసుకుంటాడు, తర్వాత సూటిగా తిప్పి రేకు కోస్తాడు, దానివల్ల పెయింట్ పెచ్చులు లేవదు. మా ఫిట్టర్ ఇది చేశాడు, పనితనం అక్కడే తెలిసింది. కోసేటప్పుడు రాలే ఇనుప రజను వేడిగా ఉంటుంది, పెయింట్ మీద పడితే అంటుకుపోతుంది, మొదటి వానకి అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు తేలుతాయి. అందుకని ముందే చుట్టూ తడిగుడ్డలు పరిచి, తర్వాత వాక్యూమ్ పెట్టి, అయస్కాంతం తిప్పి, లోపలి ఫెండర్ లైనర్ తీసి అక్కడ కూడా ఊడ్చాలి. లోపలి రేకుకి కూడా ఒక చిల్లు పడుతుంది కొన్ని బండ్లలో, జనం బయటిదానికి పడే శ్రద్ధ దీనికి పడరు.

కోసిన అంచుకి ఆకురాయి పట్టించి, జింక్ ప్రైమర్, దాని మీద టచ్ అప్ పెయింట్, అది ఆరాకే ముందుకి. ఆరేదాకా ఆగలేని షాపు వద్దు. నా దగ్గర కూడా "బాడీ కప్పేస్తుంది సార్, ఎవరికీ కనబడదు" అన్నారు. కనబడకపోవడమే కదా భయం. బాడీకీ ఫెండర్‌కీ మధ్య తడి నిలిచి ఉంటుంది, పచ్చి అంచు తుప్పు పట్టి పెయింట్ కిందనుంచి పాకుతూ బయటికొచ్చేసరికి ఫెండరే మార్చాల్సి వస్తుంది.

సీలెంట్ అడిగి చూడండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ అయితే వద్దని చెప్పండి, అది ఆరేటప్పుడు విడిచే ఆమ్లం పచ్చి రేకుని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది వాడాలి. స్టడ్‌లకి థ్రెడ్ లాక్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క, నట్టు కింద వెడల్పు వాషర్, బిగింపు చేత్తోనే. ఇంపాక్ట్ గన్ పెట్టారంటే ఇత్తడి ఇన్సర్ట్ ప్లాస్టిక్‌లోంచి ఊడి తిరగడం ఖాయం.

స్నోర్కెల్ పైభాగాన్ని పట్టుకునే బ్రాకెట్‌ని పిల్లర్‌కి బిగించేటప్పుడు కాస్త టెన్షన్ పడాల్సిందే. ఆ సన్నటి పిల్లర్ లోపల చాలా బండ్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్, దాని వైరింగ్ వెళ్తాయి, సన్‌రూఫ్ ఉంటే నీళ్లు దిగే గొట్టం కూడా. లోపలి ట్రిమ్ తీసి చూడకుండా డ్రిల్ పెట్టనివ్వకండి. బ్యాటరీ తీగ తీసేసి, కాసేపు ఆగి, బిట్‌కి కొన దగ్గర కొద్దిగా వదిలి మిగతాదానికి టేప్ చుట్టేస్తే రేకు దాటి లోపలికి దూసుకుపోదు. కిట్‌లో రివెట్లు ఇచ్చారు. నేను రివ్‌నట్లు (రేకులో పట్టుకుని స్క్రూ బిగించి విప్పుకునే వీలిచ్చే నట్లు) వేయించుకున్నాను, ఎందుకంటే విండ్‌షీల్డ్ మార్చాల్సి వచ్చినప్పుడు ఈ బ్రాకెట్ విప్పాల్సిందే, రివెట్ అయితే డ్రిల్ పెట్టి పీకాలి. బిగించే ముందు తలుపు పూర్తిగా తెరిచి, బానెట్ పూర్తిగా ఎత్తి, దేనికీ తగలడం లేదని చూసుకోండి.

ఇప్పుడు అసలు చోటు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా. చాలా బండ్లకి దీని అడుగున చిన్న చిల్లో, రబ్బరు మూతో ఉంటుంది, వాన తేమ, దుమ్ము కిందికి పోవడానికి. స్నోర్కెల్ బిగించి దీన్ని అలాగే వదిలేయడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం. డబ్బా నీళ్లలో మునిగాక ఇంజన్ ఆ చిల్లులోంచి నీళ్లు లాగేస్తుంది, పైన స్నోర్కెల్ పొడిగా చూస్తూ ఉంటుంది. పోనీ పూర్తిగా మూసేద్దామా అంటే హెడ్‌లోంచి దిగే వాన తేమ పోయే దారి ఉండదు, అది డబ్బాలో చేరి ఫిల్టర్ కాగితాన్ని నానబెడుతుంది. దీనికి మందు బాతు ముక్కులా మూసుకునే వన్‌వే రబ్బరు వాల్వ్, నీళ్లు బయటికి వదులుతుంది, ఇంజన్ పీలిస్తే ముక్కు మూసుకుంటుంది. నాణ్యమైన కిట్లలో ఇదే వస్తుంది. నాదాంట్లో లేదు, విడిగా కొని వేయించాను. డబ్బా మూత కింద రబ్బరు సీలు కూడా చూడండి, పాతబడితే నొక్కుకుపోయి చదునైపోతుంది, కొత్తది వేసి సన్నగా సిలికాన్ గ్రీజు రాస్తే బాగా కూర్చుంటుంది. ఒక మూల క్లిప్ విరిగి ఉంటే దాన్ని జిప్ టైతో కట్టేసే మహానుభావులు ఉంటారు, వద్దు.

గొట్టం సంగతి పైనే చెప్పాను, కిట్‌లోది పల్చటి మడతల గొట్టం. రెండు వేళ్లతో నొక్కితే అణిగి అలాగే ఉండిపోయింది. ఇంజన్ గట్టిగా లాగినప్పుడు అది లోపలికి ముడుచుకుపోతుంది, బండికి ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో ఊపిరాడనట్టు అవుతుంది, మెకానిక్ ఇంధనం ఫిల్టర్ మార్చి, ఇంజెక్టర్లు చూసి, ఇంకేవేవో మార్చి బిల్లు వేస్తాడు. తీగ చుట్టిన సిలికాన్ గొట్టం వేయించాక ఆ బెంగ లేదు. పల్చటి స్క్రూ క్లాంపుల బదులు వెడల్పు పట్టీ ఉన్న టీ బోల్ట్ క్లాంపులు.

అంతా అయ్యాక ఒక పరీక్ష చేయించకుండా షాపు దాటకండి. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, రబ్బరు షీటు అంటించిన చెక్కతో స్నోర్కెల్ నోరు పూర్తిగా మూయాలి. లోపల దారి గట్టిగా ఉంటే ఇంజన్ కొట్టుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది. ఆగకుండా తీరిగ్గా నడుస్తూ ఉంటే గాలి వేరే చోటు నుంచి వస్తోందన్నమాట, గాలి వచ్చే చోటు నుంచే రేపు నీళ్లూ వస్తాయి. యాక్సిలరేటర్ అస్సలు తొక్కకూడదు, ఆగకపోతే వెంటనే చెక్క తీసేయాలి, ఎక్కువసేపు లాగనిస్తే గొట్టం ముడుచుకోవచ్చు, టర్బో సీలు దాటి ఆయిల్ రావచ్చు. మా బండి మొదటిసారి ఆగలేదు. షాపు వాళ్లు "అన్ని బండ్లూ అంతే" అన్నారు. పొగ యంత్రం తెప్పించి పెట్టిస్తే డబ్బా మూత మూల నుంచి, ఫెండర్ వైపు క్లాంప్ కింద నుంచి తెల్లగా రెండు పాయలు లేచాయి. రెండూ సరిచేశాక చెక్క పెట్టగానే దగ్గినట్టు చేసి ఆగిపోయింది. ఈ ఒక్క పరీక్షకి ఒప్పుకోని షాపులో అసలు పని మొదలుపెట్టనివ్వకండి.

స్నోర్కెల్‌తోపాటే బ్రీదర్లు పొడిగించుకోండి, వీలైతే ముందే. డిఫరెన్షియల్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే గేర్ల పెట్టె) మీద ఉండే చిన్న గాలి గొట్టాలే ఈ బ్రీదర్లు. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి లాగుతుంది, బ్రీదర్ నీళ్లలో ఉంటే నీళ్లే లాగుతుంది, బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీలు దగ్గర నుంచి లాగుతుంది. తర్వాత ఆయిల్ తీస్తే పాలు కలిపినట్టు వస్తుంది. పొడిగింపు గొట్టాలు ఇంజన్ బేలో పైదాకా తీసుకెళ్లడం సులువైన పని, స్నోర్కెల్ ఖర్చులో చిన్న వంతు. పైన ఠీవిగా గొట్టం పెట్టుకుని కింద బ్రీదర్లు అలాగే వదిలేసిన బండ్లు ఎన్నో.

నీళ్లలో దిగాక చేయాల్సింది కొత్తేమీ కాదు: లో రేంజ్ (నెమ్మదిగా, బలంగా లాగే గేరు వరస), మనిషి నడకంత వేగం, మధ్యలో ఆగకుండా, గేరు మార్చకుండా. వేగంగా దూకితే అల బానెట్ మీదికి ఎక్కుతుంది, ఫ్యాను రెక్కలు నీళ్లని కొట్టి వంగి రేడియేటర్‌ని గీరతాయి. ఎప్పుడైనా ఇంజన్ నీళ్లలో ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, స్నోర్కెల్ ఉందన్న ధీమాతో అస్సలు కొట్టకండి. బయటికి లాగి, డబ్బా తెరిచి ఫిల్టర్ తడిగా ఉందేమో చూసి, తడిగా ఉంటే గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో తీసి నీళ్లు బయటికి పోయాకే ఇంజన్‌ని చేత్తో తిప్పి చూడాలి.

వారంటీ, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ నిబంధనలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, ఫెండర్ కోయకముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

పాత స్నోర్కెల్ ఎవరో అమ్ముతున్నారు, తీసుకోవచ్చా అని అడిగేవాళ్ల కోసం: బాడీ పాలిథిలీన్‌ది అయితే, అన్ని ఇన్సర్ట్‌లూ గట్టిగా ఉంటే, సరిగ్గా మీ మోడల్‌దే అయితే తీసుకోండి, గొట్టం, క్లాంపులు ఎలాగూ కొత్తవే వేస్తారు. ఒకే పేరుతో వచ్చే రెండు తరాల బండ్లకి ఫెండర్ వంపు వేరుగా ఉంటుంది, "కొంచెం వేడిచేసి వంచితే సరిపోతుంది" అంటే నమ్మకండి. వేడి చేసి వంచిన చోట గోడ పల్చబడుతుంది. టెంప్లేట్ లేకపోతే ఫరవాలేదు, స్టడ్ మొనల పద్ధతి ఉంది కదా. ఇన్సర్ట్ ఒక్కటి తిరుగుతున్నా మాత్రం వదిలేయండి.